డర్బన్ తీరంలో వల లాగిన పొద్దు

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కి వెళ్ళింది పెళ్ళికి. పెళ్ళి ఘనంగా జరిగింది, బన్నీ చావ్ తిన్నాం, బీచ్ ఒడ్డున బోలెడు ఫొటోలు దిగాం. వాటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఇంటికొచ్చాక కూడా నన్ను వదలనిది ఒక ఉదయం పడవ మీద చూసిన సంగతి.

డర్బన్ నగరపు బీచ్ గోల్డెన్ మైల్‌లో ఈతకి దిగేముందు షార్క్‌ల సంగతేంటని లైఫ్‌గార్డుని అడిగితే, "వలలున్నాయి, నిశ్చింతగా దిగండి" అన్నాడు. మావాళ్ళందరికీ ధైర్యం వచ్చేసింది. వలలున్నాయంటే ఎవరికైనా ఈ చివర నుంచి ఆ చివరిదాకా సముద్రానికి అడ్డంగా కట్టిన గోడే గుర్తొస్తుంది కదా. ఆ వలలు ఎత్తి చూసే పని తెల్లవారుజామున జరుగుతుందనీ, హార్బర్ నుంచి పడవలో వెళ్ళి చూడొచ్చనీ పెళ్ళివారింట్లో ఎవరో చెప్పారు. వెంటనే పేరు రాయించుకున్నాను.

మేమున్న ఉమ్‌హ్లాంగా నుంచి హార్బర్‌కి పట్టుమని ఇరవై కిలోమీటర్లు ఉండదు. చీకట్లో వచ్చాడని క్యాబ్ అతను మూడు వందల రాండ్లు పైనే గుంజాడు. తిరుగు ప్రయాణంలో అదే దూరానికి అందులో సగమే అయింది. పడవ టికెట్ సంగతి చెప్పక్కర్లేదు, పర్యాటకుడి మొహం చూసి పెట్టిన రేటది. అయినా ఆ డబ్బు వృథా అయిందని ఇప్పుడు అనిపించడం లేదు.

హార్బర్ నోరు దాటగానే అలలు పడవని ఎత్తి కుదేశాయి. ఒక పావుగంట రెండు చేతులతో కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. నగరంలో హోటళ్ళ దీపాలు ఇంకా ఆరలేదు. ఒడ్డుకి సుమారు నాలుగు వందల మీటర్ల దూరంలో వరసగా తేలుతున్న బోయాలు కనిపించాయి. మాతో వచ్చిన గైడ్ అక్కడ చెప్పిన మాట విని పడవలో అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఈ తీరంలో ఎక్కువ వలల పొడవు 214 మీటర్లు, లోతు ఆరు మీటర్ల పైచిలుకు. నీళ్ళు మాత్రం పది నుంచి పద్నాలుగు మీటర్ల లోతుంటాయి. అంటే వల కింద ఖాళీ ఉంది. రెండు వరసల్లో ఎడంగా కడతారు కాబట్టి వలకీ వలకీ మధ్య కూడా ఖాళీయే. దండెం మీద అక్కడక్కడ ఆరేసిన చీరల్లా వేలాడుతుంటాయన్నమాట. షార్క్ కిందనుంచీ రావచ్చు, పక్కనుంచీ రావచ్చు. చిక్కుకున్న షార్క్‌లలో ఇంచుమించు మూడో వంతు ఒడ్డు వైపు నుంచి వచ్చి తగిలినవేనట! అంటే అవి ఈతగాళ్ళ దగ్గరదాకా వచ్చి, తిరిగి సముద్రంలోకి పోతూ చిక్కుకున్నాయి.

మరి వల చేసే పనేంటి? చంపడం. ఆ చుట్టుపక్కల తిరిగే పెద్ద షార్క్‌ల సంఖ్య తగ్గితే మనిషికి ఎదురుపడే అవకాశం తగ్గుతుంది. అంతే. అంటే ఇది చేపలు పట్టే వలే. కాకపోతే కన్ను బాగా పెద్దది, సాగదీస్తే అరమీటరు. చిన్న చేపలు దూరిపోతాయి, పెద్ద ప్రాణులు ఇరుక్కుంటాయి. అది షార్కా, తాబేలా, డాల్ఫినా అన్న తేడా వలకి తెలియదు.

మొదటి వల ఖాళీ. రెండోదాంట్లో ఒక టేకు చేప ప్రాణంతో ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు పడవ అంచు మీదకి వంగి, రెక్క చిరగకుండా దారాలు ఒక్కొక్కటీ తప్పించి వదిలారు. వాళ్ళ చేతి నేర్పు చూస్తే ముచ్చటేసింది. ఆ పక్కనే సుత్తి తల షార్క్ ఒకటి, హామర్‌హెడ్. నా చెయ్యంత కూడా లేదు, పిల్ల. చచ్చిపోయి ఉంది. ఈ జాతి వలలో పడితే మిగతావాటికంటే త్వరగా ప్రాణం వదిలేస్తుందట. మొప్పల మీద దారం కోసుకుపోయిన గీతలు ఎర్రగా ఉన్నాయి. తలకి ఆ చివరొకటి, ఈ చివరొకటి ఉండే కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. మనిషిని కరిచే వయసూ కాదు, ఆ సైజూ కాదు. పైగా ఈ జాతుల్లో కొన్ని ఇప్పుడు అంతరించిపోయే దశకి దగ్గరగా ఉన్నాయి. దాన్ని పరీక్షకి పంపడానికి ఒక పెట్టెలో పెట్టారు. నేను ఫొటో తియ్యలేదు, తియ్యబుద్ధి కాలేదు.

నా పక్కన కూర్చున్న పెద్దాయన అక్కడివారే. ఆయన ముత్తాత మద్రాసు రేవులో ఓడెక్కి చెరుకు తోటల్లో పనికి వచ్చారట. తెలుగు నాలుగు ముక్కలే వచ్చు, కానీ పెళ్ళిపాటలు గుర్తున్నాయన్నారు. నా మొహం చూసి, "బాధగా ఉందా?" అని అడిగారు. అవునన్నాను. ఆయన కాసేపాగి 1957 డిసెంబర్ గురించి చెప్పడం మొదలుపెట్టారు. అప్పుడాయనకి పదేళ్ళు. ఆ డిసెంబర్ నుంచి మరుసటి ఏడాది ఏప్రిల్‌దాకా డర్బన్‌కి దక్షిణాన ఉన్న తీరంలో తొమ్మిది దాడులు, ఆరుగురు పోయారు. మార్గేట్, ఉవోంగో లాంటి ఊళ్ళలో సెలవులకొచ్చినవాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. నేవీ ఓడ వచ్చి నీళ్ళలో బాంబులు వేసింది. చచ్చిన చేపల కోసం మరిన్ని షార్క్‌లు వచ్చాయి తప్ప ఒరిగిందేమీ లేదు. డర్బన్‌లో మాత్రం 1952లోనే వలలు కట్టారు. దానికి ముందు పదేళ్ళలో అక్కడ ఏడుగురు చనిపోయారు. ఆ తర్వాత షార్క్ దాడిలో ఒక్కరూ చనిపోలేదు.

"మేం చిన్నప్పుడు ఈ బీచ్‌కి రావడానికే లేదు, తెల్లవాళ్ళకి మాత్రమే. ఇప్పుడు నా మనవరాలు పొద్దున్నే సర్ఫింగ్ బోర్డు పట్టుకుని ఇక్కడే దిగుతుంది. ఆ వల తీసేయమని నన్నడగకు నాయనా" అన్నారు.

ఆయన్ని కాదనడానికి నాకు నోరు రాలేదు. "అలా కాదంకుల్, పిల్లలకి కాపలా ఉండాల్సిందే. కానీ ఇన్ని ప్రాణులు చావకుండా కాపలా కాయలేమా?" అని మాత్రం అన్నాను. అక్కణ్ణించి హార్బర్ చేరేదాకా అదే చర్చ. గైడ్ కూడా కలిశాడు.

ఇక్కడ రాగీ అని పిలిచే రాగ్డ్‌టూత్ షార్క్ ఒకటుంది. పళ్ళు బయటికి కనిపిస్తూ భయంకరంగా ఉంటుంది గానీ మనుషుల జోలికి రావడం చాలా అరుదు. దాన్ని చూడ్డానికే డైవర్లు డబ్బు కట్టి అలీవాల్ షోల్ అనే సముద్రపు అడుగు దిబ్బ దగ్గరికి వెళ్తారు. అది ఒక కాన్పుకి రెండే పిల్లల్ని కంటుంది. అలాంటి తల్లి వలలో పోతే ఆ లోటు ఎప్పటికి తీరాలి? తెల్ల షార్క్‌ని చంపకూడదని 1991లో ప్రపంచంలో అందరికంటే ముందు చట్టం చేసింది ఈ దేశమే. అదే దేశపు వలల్లో అది ఇంకా చస్తోంది. ఉత్తరాన రిచర్డ్స్ బే దగ్గరైతే హంప్‌బ్యాక్ డాల్ఫిన్లు చిక్కుకుంటున్నాయి. అసలే కొద్దిగా మిగిలిన జాతి. పైగా డాల్ఫిన్, తాబేలు ఊపిరి కోసం పైకి రావాల్సినవి. వల పట్టేస్తే నీళ్ళలోనే ఊపిరాడక పోతాయి.

2007 నుంచి కొన్ని బీచ్‌లలో వలలు తగ్గించి డ్రమ్‌లైన్లు పెట్టారు. బోయాకి గొలుసు, గొలుసుకి ఎరతో పెద్ద కొక్కెం. డాల్ఫిన్లు, తాబేళ్ళు, టేకు చేపలు దానికి చాలా తక్కువ పడతాయి. షార్క్‌లు మాత్రం పడతాయి. కేప్‌టౌన్ వైపు పద్ధతే వేరు. ముయిజెన్‌బర్గ్‌లో కొండ మీద మనిషి కూర్చుని నీళ్ళలోకి చూస్తుంటాడు, షార్క్ కనబడితే సైరన్ మోగించి జెండా మారుస్తారు. ఫిష్ హోక్‌లో సన్న కన్ను వలతో ఒక మూల నిజంగానే చుట్టూ మూసేస్తారు. పొద్దున వేసి సాయంత్రం తీస్తారు, అందులో ఏదీ చిక్కుకోదు. "ఇక్కడా అలా చేయొచ్చుగా?" అంటే గైడ్ చెయ్యి చాపి చూపించాడు. కొండ లేదు. వాన పడితే ఉమ్‌గేని నది బురద తెచ్చి కలుపుతుంది, నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కనబడవు. ఈ అలల పోటుకి సన్న వల ఒక్క రోజు నిలవదు. అతను చెప్పింది నిజమే. అయినా వలల బదులు డ్రమ్‌లైన్లు పెట్టగలిగిన ప్రతిచోటా ఎందుకు పెట్టరన్నదానికి నాకు తృప్తిగా సమాధానం దొరకలేదు.

మా విశాఖ తీరంలో జనవరి నుంచి మార్చి వరకూ పొద్దున్నే నడకకి వెళ్తే చచ్చి కొట్టుకొచ్చిన ఆలివ్ రిడ్లే తాబేళ్ళు కనిపిస్తాయి, ట్రాలర్ వలల్లో పడినవి. అక్కడ కనీసం చేపల కోసం వల వేశామని అందరికీ తెలుసు. డర్బన్‌లో ఈతకి దిగేవాళ్ళలో చాలామందికి తమ వెనక రోజూ చేపల వేట జరుగుతోందని తెలియదు. నాకు కోపం తెప్పించింది ఇదే. బీచ్ దగ్గర ఒక బోర్డు మీద ఈ మాట రాయడానికి ఎంత ఖర్చవుతుంది?

వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. జూన్, జూలైల్లో సార్డిన్ చేపల గుంపులు ఒడ్డుకి వచ్చేటప్పుడు వలలు తీసేస్తారు. గాలి ఎక్కువుంటే పడవ బయల్దేరదు, ముందురోజు రాత్రే ఫోన్ చేసి కనుక్కోండి. ఉమ్‌హ్లాంగాలో ఈ వలల పని చూసే షార్క్స్ బోర్డు వాళ్ళ దగ్గర చచ్చిన షార్క్‌ని కోసి చూపించే కార్యక్రమం కూడా ఉంటుంది, పిల్లలకి ఆసక్తిగా ఉంటుంది. అక్కడ అందరూ పళ్ళెన్ని, ఎంత పొడవు అనే అడుగుతున్నారు. మీరు మాత్రం ఈ నెలలో ఎన్ని దొరికాయి, ఎన్నిటిని బతికించి వదిలారు, వాటిలో షార్క్‌లు కానివెన్ని అని అడగండి.