బజారు బేరాల్లో పడి వినలేకపోయాను

దైవప్రవక్త సహచరులైన హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి - అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగుగాక) ఒకరోజు ముస్లింల పాలకుడైన ఖలీఫా ఉమర్ (రజి) ఇంటికి వెళ్ళారు. గుమ్మం బయట నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగారు. జవాబు లేదు. మళ్ళీ అడిగారు. మూడోసారీ అడిగి, ఎవరూ పలకకపోయేసరికి వచ్చిన దారినే వెళ్ళిపోయారు. లోపల ఏదో పనిలో ఉన్న ఉమర్ (రజి) కాసేపటికి తేరుకుని, "ఇందాక వినిపించింది ఆయన గొంతే కదా, రమ్మనండి" అన్నారు. వెళ్ళిపోయారని తెలిసి పిలిపించారు. ఎందుకు వెళ్ళిపోయావని అడిగారు.

"మూడుసార్లు అనుమతి అడిగినా దొరక్కపోతే తిరిగి వెళ్ళిపోవాలని దైవప్రవక్త ముహమ్మద్ (స - ఆయనపై శాంతి కలుగుగాక) చెప్పారు" అన్నారు అబూ మూసా.

ఉమర్ (రజి) ఆ మాట ఎన్నడూ వినలేదు. సాక్షిని తెమ్మన్నారు, అదీ గట్టిగా. అబూ మూసా కంగారుగా అన్సారులు (ప్రవక్తకు అండగా నిలిచిన మదీనా వాసులు) కూర్చున్న చోటికి వెళ్ళి సంగతి చెప్పారు. అక్కడున్న ఉబై బిన్ కఅబ్ (రజి), "మాలో అందరికన్నా చిన్నవాడే నీ వెంట వస్తాడు" అన్నారు. ఆ చిన్నవారు అబూ సయీద్ ఖుద్రీ (రజి). లేచి వెళ్ళి, ఆ మాట నిజమేనని ఖలీఫా ఎదుట చెప్పారు.

అప్పుడు ఉమర్ (రజి) అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. దైవప్రవక్త (స) చెప్పిన ఈ సంగతి నాకు తెలియకుండా ఉండిపోయిందా, బజారు బేరాల్లో పడిపోయాను కదా అన్నారు.

ఆ మాట అన్నది ఎవరు? 634 నుంచి 644 దాకా పదేళ్ళు ఖలీఫాగా ఉన్న మనిషి. షామ్ (సిరియా ప్రాంతం), ఇరాక్, ఈజిప్టు ఆయన పాలనలోకి వచ్చాయి. అలాంటి మనిషికి ఒక కుర్రవాడు వచ్చి తెలియని విషయం చెప్పాడు. నాకు తెలియదు అని ఒప్పుకోవడమే మనకు కష్టం. ఎందుకు తెలియలేదో కూడా పదిమందిలో చెప్పారాయన. సాక్షిని అడిగింది అబూ మూసాను అనుమానించి కాదు. దైవప్రవక్త పేరు మీద ఎవరికి తోచింది వారు చెప్పుకుంటూ పోకూడదని ఆయన భయం. రుజువు దొరికాక మరో మాట లేదు.

నిజానికి ఆయన అశ్రద్ధ చేసిన మనిషి కాదు. మదీనా శివార్లలో ఉన్న రోజుల్లో ఒక అన్సారీ పొరుగాయనతో వంతులు వేసుకున్నారు. ఒకరోజు ఈయన, ఒకరోజు ఆయన దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళేవారు. వెళ్ళినవారు ఆ రోజు విన్నదంతా సాయంత్రం రెండోవారికి చెప్పాలి. ఇల్లు గడవాలి, చదువూ ఆగకూడదు. ఉద్యోగం, పిల్లలు, టెన్షన్ల మధ్య టైమ్ లేదనే మనకు ఈ వంతుల పద్ధతి ఎంత దగ్గరగా ఉందో చూడండి. అంత శ్రద్ధ పెట్టినా కొన్ని మాటలు ఆయన చెవిన పడలేదు.

ఖుర్ఆన్‌లోని తాహా సూరా (అధ్యాయం) 114వ ఆయతులో (వాక్యంలో) అల్లాహ్ తన ప్రవక్తకు ఒక దుఆ (ప్రార్థన) నేర్పాడు: "రబ్బీ జిద్నీ ఇల్మా". ప్రభూ, నా జ్ఞానాన్ని పెంచు అని. మన పిల్లలు పరీక్షకు వెళ్తూ గుమ్మం దగ్గర చదువుకునే దుఆ ఇదే. పిల్లల దుఆగానే మనం దాన్ని వదిలేశాం. ఆయతు ముందు భాగంలో, వహీ (దైవసందేశం) పూర్తికాకముందే ఖుర్ఆన్ విషయంలో తొందరపడవద్దు అని ఉంది. ముందు నిదానంగా విను, తర్వాత ఇంకా కావాలని అడుగు. ఒక సమాజాన్ని నడిపిస్తున్న ప్రవక్తకు, స్వయంగా వహీ అందుకుంటున్న ప్రవక్తకు ఈ ఆదేశం వచ్చింది. ఆయనే అడగాల్సి ఉంటే, నాలుగు పుస్తకాలు చదివి మస్జిద్ కమిటీలో కుర్చీ దొరికిన మనం ఎన్నిసార్లు అడగాలి?

ఉమర్ (రజి) మాట ఒకటి, ప్రవక్త మాటలను, చేతలను సేకరించిన పండితులు ఇమామ్ బుఖారీ తన హదీసు గ్రంథంలో, జ్ఞానం గురించిన అధ్యాయంలో రాశారు: "నాయకులు కాకముందే ధర్మజ్ఞానం నేర్చుకోండి." పెద్దరికం వచ్చాక చిన్నవాళ్ళ ముందు కూర్చోవడానికి మనసొప్పదు, అందుకేనేమో ఆ హెచ్చరిక. అయితే ఆ మాట చూసి, ఇక మన వయసు దాటిపోయిందిలే అని ఎవరైనా అనుకుంటారని బుఖారీకి తోచినట్టుంది. వెంటనే తన మాటగా "నాయకులయ్యాక కూడా" అని చేర్చారు. దైవప్రవక్త సహచరులు పెద్ద వయసులో నేర్చుకున్నారని గుర్తుచేశారు. ఆ చిన్న చేర్పు నాకు ఎంతో ధైర్యం ఇచ్చింది.

మా మస్జిద్ ముతవల్లీ (నిర్వాహకులు) గారికి డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఒకరోజు ఫజర్ (తెల్లవారుజామున నమాజు) తర్వాత నీళ్ళ మోటారు రిపేరు బిల్లు మీద సంతకం కోసం వెళ్ళాను. ఆయన వెనక వరసలో, ఖాయిదా (అరబ్బీ అక్షరాలు నేర్పే పుస్తకం) చదువుకునే పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. ఏభై ఏళ్ళుగా చదువుతున్న, ఖుర్ఆన్‌లో మొదటిదైన ఫాతిహా సూరాయే మళ్ళీ మొదటినుంచి దిద్దుకుంటున్నారు. "ఆలమీన్" అనగానే పక్కనున్న పదేళ్ళ పిల్ల ఆపేసింది.

"దాదా, అది అలిఫ్ అక్షరం అయిపోయింది. ఐన్ అక్షరం గొంతు మధ్యలోంచి రావాలి" అంటూ తన గొంతు మీద వేలు పెట్టి చూపించింది. ఆయన కూడా తన గొంతు మీద వేలు పెట్టుకున్నారు. రెండుసార్లు తప్పు పోయింది. పిల్ల తల అడ్డంగా ఊపింది. నేను బిల్లు ముందుకు చాపాను. ఆయన దాని వైపు చూడలేదు, కూర్చోమని చేత్తో సైగ చేశారు.

"ఇంకోసారి చెప్పు తల్లీ" అన్నారు.