ఉబ్బే మట్టి లెక్కలు: సాయిల్స్ ల్యాబ్ గురించి

పూర్వ విద్యార్థుల సంచికలో హాస్టల్ మెస్ గురించి, మెట్లదారిన కొండెక్కిన రాత్రుల గురించి రాసేవాళ్ళకు కొదవుండదు. అందుకే నేను సాయిల్స్ ల్యాబ్, అంటే మట్టి పరీక్షల గది, తీసుకుంటున్నాను. సివిల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్.కో పిహెచ్.డి.కో ఇక్కడ తిరుపతిలో కూర్చున్న మా తరంవాళ్ళలో చాలామంది చేతికంటిన మట్టి ఒక్కటే, రేణిగుంట వైపు నుంచి బస్తాల్లో వచ్చే, తడిస్తే ఉబ్బే నల్లరేగడి. ఇప్పుడు అవే బల్లల ముందు కూర్చున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పనికొస్తాయని ఈ నాలుగు మాటలు.

మట్టి మీద పనిచేసేవాడికి తిరుపతి కన్నా మంచి ఊరు దొరకడం కష్టం. ఘాట్ రోడ్డులో భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించిన చోట కింద గ్రానైటు, దాని మీద నగరి క్వార్ట్‌జైటు (గట్టిపడ్డ ఇసుకరాయి) కనిపిస్తాయి. ఆ రెంటికీ మధ్య కోట్ల సంవత్సరాల ఖాళీ ఉంది. జియాలజీ ట్రిప్పులో దాన్ని చూసి ఫొటో దిగి వచ్చేస్తాం. మట్టి కథ మాత్రం ఆ కింది రాయి దగ్గరే మొదలవుతుంది. గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం నీళ్ళు నిలవని వాలులో శిథిలమైతే కయోలినైట్ వస్తుంది, అదే మన ఎర్రగరుసులోని బంక. నీళ్ళు నిలిచి కాల్షియం, మెగ్నీషియం కొట్టుకుపోని పల్లంలో అయితే మాంట్‌మోరిలోనైట్ వస్తుంది. నల్లమట్టిని ఉబ్బించేది అదే. కొద్ది దూరంలోనే ఈ రెండూ దొరుకుతాయి, మధ్యలో స్వర్ణముఖి నది ఇసుక అదనం.

నమూనా దగ్గరే సగం పరిశోధన గెలుస్తుంది, లేదా ఓడుతుంది. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఆ నెలల్లో తవ్వితే గోతిలో నీళ్ళు, పారకు అంటుకునే బంక. ఏప్రిల్, మేలో తవ్వితే పగుళ్ళు లోపలికి దిగి ఉంటాయి, పైమట్టి వాటిలోకి రాలి ఉంటుంది. పై మీటరు మట్టి తీసేసి, పగుళ్ళలో రాలింది గీకేసి, దాని కిందనుంచి తీసుకోవాలి. లోతు, తేదీ, తీసినప్పటి తేమ సంచి మీద కాకుండా సంచి లోపల చీటీ మీద రాసి, ఆ చీటీని ప్లాస్టిక్ కవర్లో పెట్టాలి. సంచి మీద రాసిన పెన్ను గీతలు రెండు నెలలు నిలవవు.

మట్టిని చితక్కొట్టేటప్పుడు జరిగే తప్పు చాలా థీసిస్‌లలో ఎక్కడా కనిపించదు. నల్లరేగడిలో తెల్లటి సున్నపురాళ్ళు ఉంటాయి. ఇనుప రోకలితో దంచితే అవీ పొడై 425 మైక్రాన్ల జల్లెడ దాటి నమూనాలో కలిసిపోతాయి. ఒక బస్తాను ఒకరు గట్టిగా, ఇంకో బస్తాను ఇంకొకరు మెల్లగా దంచితే ఒకే గోతిలోంచి రెండు మట్టులు తయారవుతాయి. చెక్క సుత్తితోగానీ రబ్బరు తొడిగిన రోకలితోగానీ గడ్డలు విడగొట్టి, రాళ్ళు ఏరేసి, వాటిని తూచి, ఎంత శాతమో రాసుకోవాలి. ఆరబెట్టడం నీడలోనే. లిక్విడ్ లిమిట్‌కు, అంటే మట్టిముద్ద ద్రవంలా జారడం మొదలయ్యే తేమశాతం కొలవడానికి, వాడే మట్టిని ముందు ఓవెన్‌లో పెట్టకూడదు. 105 డిగ్రీల దగ్గర రేణువులు ఒకదానికొకటి పట్టుకుపోయి విలువ తగ్గుతుంది. ఆ మట్టికి నీళ్ళు కలిపాక ఒక రాత్రి మూతపెట్టి నాననివ్వాలి. ఆ లిమిట్ కొలవడానికి ఎత్తి పడేసే కాసాగ్రాండే కప్పు లేచే ఎత్తు 10 మి.మీ. ఉందో లేదో ప్రతిరోజూ గ్రూవింగ్ టూల్ (మట్టిలో గాడి గీసే పనిముట్టు) పిడితో చూసుకోవాలి. కప్పు తగిలేచోట అరిగితే దెబ్బల లెక్కే మారిపోతుంది.

ఇక ఫ్రీ స్వెల్ ఇండెక్స్, అంటే పైన బరువేమీ లేకుండా మట్టి నీళ్ళలో ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2720, 40వ భాగం. ల్యాబ్‌లో ఇంతకన్నా తేలిక పరీక్ష లేదు, ఇంతకన్నా ఎక్కువగా తప్పుచేసేదీ లేదు. ఇక్కడ మాత్రం ఓవెన్‌లో ఆరబెట్టి 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టి 10 గ్రాముల చొప్పున రెండు భాగాలు, 100 మి.లీ. మెజరింగ్ జార్లు రెండు. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, ఇంకోదాంట్లో కిరసనాయిలు. గాజుకడ్డీతో కలిపి గాలి పోనిచ్చి, 24 గంటలకు తగ్గకుండా వదిలి, మట్టి ఘనపరిమాణాలు చదవాలి. నీళ్ళలోదానిలోంచి కిరసనాయిల్లోది తీసేసి, కిరసనాయిల్లోదానితో భాగించి, వందతో గుణిస్తే ఇండెక్స్. 50 లోపు తక్కువ, 50 నుంచి 100 మధ్యస్థం, 100 నుంచి 200 ఎక్కువ, 200 దాటితే మరీ ఎక్కువ.

మట్టిని ఒక్కసారిగా గుమ్మరిస్తే పైపొర తడిసి బంకై, లోపల పొడి అలాగే చిక్కుకుంటుంది. మర్నాటికి కూడా బుడగలు వస్తూనే ఉంటాయి. చిటికెడు చిటికెడుగా వెయ్యాలి. డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని కుళాయి నీళ్ళు పోస్తే అందులోని లవణాలు ఉబ్బును అణిచేస్తాయి, ఇండెక్స్ తక్కువ వస్తుంది. ఇంకో చిక్కు ఎర్రమట్టితో. కయోలినైట్ ఎక్కువున్న మట్టి కిరసనాయిల్లో గుత్తులు గుత్తులుగా కూడి, నీళ్ళలోకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. అప్పుడు ఇండెక్స్ మైనస్ వస్తుంది. లెక్క తప్పనుకుని సున్నా అని రాసేవాళ్ళను చూశాం. తప్పేమీ లేదు, ఆ మట్టి ఉబ్బేది కాదని అది చెబుతున్న సంగతి. ఇలాంటి చోట శ్రీధరన్, ప్రకాశ్ అనే పరిశోధకులు సూచించిన ఫ్రీ స్వెల్ రేషియో, అంటే నీళ్ళలోని పరిమాణాన్ని కిరసనాయిల్లోని పరిమాణంతో నేరుగా భాగించడం, బాగా పనికొస్తుంది.

స్వెల్ ప్రెషర్, అంటే ఉబ్బే మట్టి పైకి తోసే ఒత్తిడి, కొలవడం మాత్రం వారం పట్టే పని. కన్సాలిడేషన్ సెట్‌లో (మట్టిని రింగులో పెట్టి బరువులతో నొక్కే పరికరం) 60 మి.మీ. వ్యాసం, 20 మి.మీ. ఎత్తు రింగు. ఘనపరిమాణం 56.5 సి.సి. పొడి సాంద్రత సి.సి.కి 1.5 గ్రాములు, తేమ 20 శాతం కావాలంటే పొడిమట్టి 84.8 గ్రాములు, నీళ్ళతో కలిపి 101.8 గ్రాములు. నీళ్ళు కలిపిన మట్టిని కవర్లో కట్టి ఒకరోజు ఉంచాకే రింగులోకి నొక్కాలి. తేమ ఒక్కశాతం అటూఇటూ అయినా ఫలితం కదులుతుంది, ఎందుకంటే అదే సాంద్రత దగ్గర పొడిగా ఉన్న మట్టే ఎక్కువ నీళ్ళు లాగి ఎక్కువ ఉబ్బుతుంది. రింగు లోపల సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. లేకపోతే గోడ రాపిడే కొంత ఉబ్బును పట్టేస్తుంది.

సీటింగ్ లోడ్, అంటే నమూనా మీద మొదట పెట్టే చిన్న బరువు, 5 కిలోపాస్కల్ అంటే ఆ రింగు మీద దాదాపు 1.4 కిలోలు. లీవరు ఒకటికి పది అయితే హ్యాంగరులో 140 గ్రాముల చిల్లర. పెద్ద బాట్లు వేసే అలవాటులో ఈ చిన్నవాటిని మరిచిపోవడం మామూలే. నమూనాకు ఆనించే పోరస్ స్టోన్ (నీళ్ళు దూరే రాయిబిళ్ళ) తడిగా పెడితే ఉబ్బు కొలిచే డయల్ గేజ్ సున్నాకు తిప్పేలోపే మట్టి నీళ్ళు పీల్చడం మొదలుపెడుతుంది. ఆ తొలి ఉబ్బు ఎక్కడా నమోదు కాదు. రాయిని పొడిగా పెట్టి, గేజ్ సర్ది, ఆ తర్వాతే నీళ్ళు పోయాలి.

ఐదు నుంచి ఏడు రోజులు చూడాలి. సోమవారం ఉదయం మొదలుపెట్టండి, ఆదివారం తాళం వేసిన గది ముందు నిలబడక్కర్లేదు. మే నెలలో తిరుపతి ఎండకు సెల్లులో నీళ్ళు రాత్రికి రాత్రే దిగిపోతాయి. పై రాయి బయటపడితే మట్టి ఆరడం మొదలై డయల్ ముల్లు వెనక్కి వస్తుంది. అది చూసి ఉబ్బు ఆగిందని లోడ్ వెయ్యడం మొదలుపెడితే ఆ నమూనా పోయినట్టే. పొద్దున, సాయంత్రం నీళ్ళు నింపి పైన పాలిథీన్ కప్పాలి. ఉబ్బు ఆగిందా లేదా అనే అనుమానం తీరాలంటే కాలాన్ని ఉబ్బుతో భాగించి, ఆ విలువను కాలానికి ఎదురుగా గ్రాఫు గీయండి. సరళరేఖ వస్తుంది. దాని వాలును తిరగేస్తే చివరి ఉబ్బు ఎంతో తెలుస్తుంది.

ఉబ్బాక లోడ్ పెంచుతూ మొదటి ఎత్తుకు తేవడం ఒక పద్ధతి, అసలు ఉబ్బనివ్వకుండా ప్రూవింగ్ రింగుతో (బలం కొలిచే ఉక్కు వలయం) పట్టి ఉంచడం ఇంకోటి. రెండూ ఐ.ఎస్. 2720, 41వ భాగంలోనే ఉన్నాయి, రెండూ ఒకే విలువ ఇవ్వవు. మొదటిదే సాధారణంగా ఎక్కువ చూపిస్తుంది. రెండో పద్ధతిలో ప్రూవింగ్ రింగే కొంత వంగుతుంది. 20 మి.మీ. నమూనా 0.1 మి.మీ. కదిలినా అర శాతం ఉబ్బినట్టే, ఆ మేరకు ఒత్తిడి తగ్గి కనిపిస్తుంది. కాబట్టి సీనియర్ ఒక పద్ధతిలో కొలిచిన విలువ పక్కన మీరు ఇంకో పద్ధతిలో కొలిచింది పెట్టి, కలిపిన సున్నం వల్ల ఇంత తగ్గిందని రాస్తే ఆ పట్టికకు విలువ లేదు. పద్ధతి పేరు పట్టిక తలమీదే రాయాలని నా పట్టుదల.

ఉబ్బు తగ్గించడానికి మట్టిలో సున్నం ఎంత కలపాలో తేల్చడానికి ఈడ్స్, గ్రిమ్ అనే ఇద్దరు పరిశోధకుల పద్ధతి అందరూ చేస్తారు. 20 గ్రాముల మట్టి, 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, 2 నుంచి 6 శాతం దాకా సున్నం వేసిన సీసాలు, గంటసేపు పది నిమిషాలకోసారి కుదుపు. పి.హెచ్. 12.4 తాకిన అతి తక్కువ శాతమే జవాబు. కానీ ఆ 12.4 అనేది 25 డిగ్రీల దగ్గరి సంగతి. చిక్కటి సున్నపుతేట 25 డిగ్రీల వద్ద 12.45 చూపిస్తే 30 వద్ద 12.29, 35 వద్ద 12.13 చూపిస్తుంది. మన వేసవిలో ఏసీ లేని గదిలో 12.4 కోసం చూస్తే 10 శాతం సున్నం వేసినా రాదు. ఉత్త సున్నపుతేట సీసా ఒకటి పక్కన పెట్టి, ఆరోజు దాని రీడింగునే గమ్యంగా పెట్టుకోండి. సున్నం బస్తా మూతి తెరిచి ఎన్నాళ్ళయిందో కూడా చూడాలి. చిటికెడు మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగిందంటే అది గాలి తగిలి కార్బొనేటుగా మారింది. దాన్ని తెల్లగా ఉందని కలపడం శుద్ధ దండగ. సున్నం కలిపాక కుదించడానికి ఒక నమూనాకు పది నిమిషాలు, ఇంకోదానికి రెండు గంటలు తీసుకోకండి, సాంద్రతలు మారిపోతాయి. డిసెంబరులో 28 రోజులు క్యూరింగ్ చేసినదాన్నీ (తేమ పోకుండా మగ్గబెట్టినదాన్నీ) మేలో చేసినదాన్నీ ఒకే గ్రాఫులో కలపకండి, వేడికి ఆ చర్య వేగం పెరుగుతుంది.

ఈ విలువలు సైటులో ఎలా వాడతారో పుస్తకాల్లో దొరుకుతుంది: ఐ.ఐ.టి. బొంబాయి కట్టీ గారు చెప్పిన ఉబ్బని బంకమట్టి పొర, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సి.బి.ఆర్.ఐ.) వారి అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తు చేసిన పునాది స్తంభాలు. దాన్ని ఇక్కడ పొడిగించను.

చివరగా ఫ్లైయాష్, అంటే బొగ్గు కాల్చగా వచ్చే సన్న బూడిద. కడప జిల్లా రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి తెచ్చుకోవడం సులువు కాబట్టి ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు దాన్ని కలుపుతారు, ఇండెక్స్ తగ్గిందని సంతోషిస్తారు. ఒక లెక్క చూడండి. ఒట్టి మట్టి 10 గ్రాములు నీళ్ళలో 27 మి.లీ., కిరసనాయిల్లో 12 మి.లీ. అనుకుందాం. ఇండెక్స్ 125. ఉబ్బని బూడిద 10 గ్రాములు రెండింట్లోనూ 12 మి.లీ. అనుకుందాం. 80 పాళ్ళ మట్టికి 20 పాళ్ళ బూడిద కలిపితే, ఏ రసాయన చర్యా జరక్కపోయినా నీళ్ళలో 24, కిరసనాయిల్లో 12 వస్తాయి. ఇండెక్స్ 100. అంటే 125 నుంచి 100కు తగ్గడం కేవలం మట్టి పాలు తగ్గడమే. ఇసుక కలిపినా ఇలాగే తగ్గేది. అందుకే బూడిద బదులు అదే జల్లెడ దాటిన సన్న ఇసుకను అంతే పాళ్ళలో కలిపిన జార్ల జత ఒకటి పక్కన పెట్టండి. ఆ జతకన్నా మీ నమూనా ఎంత కిందికి దిగిందో, ఆ తేడా ఒక్కటే బూడిద ఖాతాలో రాయాలి.