బల్ల లేని ఇంట్లో అల్లిన లేసు

మా అమ్మమ్మ పెళ్ళికి ముందే మొదలుపెట్టి, చూపు మందగించేవరకు, యాభై ఏళ్ళకు పైగా లేసు అల్లింది. భోజనాల బల్ల మీద పరిచే గుండ్రటి గుడ్డలు, కుర్చీల వీపులకు తొడిగే ముక్కలు, పళ్ళేల కింద వేసే చిన్న పువ్వులు ఆమె చేతుల మీదుగా ఎన్ని వెళ్ళాయో లెక్క లేదు. ఆమె ఇంట్లో మాత్రం భోజనాల బల్ల ఏనాడూ లేదు. పీటలు వేసుకుని నేల మీదే తిన్నాం. తాను అల్లినదాన్ని ఎవరి ఇంట్లోనైనా పరిచి ఉండగా ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ప్రపంచీకరణ అన్న మాట ఎక్కడ విన్నా నాకు మొదట గుర్తుకు వచ్చేది ఆ అరుగు మీద గోడకు చేరగిలబడి, వేలికి దారం చుట్టుకుని కూర్చున్న అమ్మమ్మే.

మన దేశంలో ప్రపంచీకరణ 1991 జూలైలో ప్రవేశపెట్టిన బడ్జెట్టుతో మొదలైందని బడిలో నేనూ పిల్లలకు చెబుతూ వచ్చాను. దేశం మొత్తానికి ఆ లెక్క సరిపోవచ్చు గాని, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఆ కథ అంతకంటే చాలా పాతది. నరసాపురం నుంచి ఏటి అవతలి సఖినేటిపల్లి వెళ్ళడానికి మేము పంటు (బల్లకట్టు) ఎక్కే మాధవాయిపాలెం రేవు పేరు ఒకప్పుడు ఇంగ్లండులో ఒక రకం నూలు గుడ్డకు పేరైంది. 17వ శతాబ్దంలోనే ఈస్టిండియా కంపెనీవారు ఇక్కడ వర్తకస్థానం పెట్టుకున్నారు, ఊరి పేరు వాళ్ళ నోట ‘మాడపోలం’ అయింది. పాలకొల్లులో డచ్చివారు, యానాంలో ఫ్రెంచివారు ఉండేవారు. 19వ శతాబ్దం మధ్యలో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీలు ఈ ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. ఆ సూది మా అమ్మమ్మ తల్లి చేతికి, ఆమె నుంచి అమ్మమ్మకు, అమ్మమ్మ నుంచి అమ్మకు వచ్చింది.

అమ్మమ్మ చేసినదాన్ని చేతిపని అంటారు, అంటే విడివిడి పువ్వులు అల్లడం. వాటిని కలిపి పెద్ద గుడ్డగా చేసేది అతుకుపని. అది వేరే ఇంట్లో వేరే స్త్రీ చేస్తుంది. పూర్తయిన గుడ్డ ఎలా ఉంటుందో చేతిపని చేసే ఆమెకు తెలియవలసిన అవసరం లేదు. దారం తెచ్చి ఇచ్చేదీ, అల్లినది తూకం వేసి తీసుకుని కూలి కట్టేదీ ఏజెంటు. ఆ పైన షావుకారు, ఎగుమతిదారు, ఓడ, ఎక్కడో ఒక దుకాణం. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మా ప్రాంతానికి వచ్చి ఈ పనిని పరిశోధించారు. ప్రపంచ మార్కెట్టు కోసం రోజంతా పనిచేస్తున్న ఈ స్త్రీలను అందరూ ఇంట్లో ఖాళీగా కూర్చునే గృహిణులుగానే చూడడం వల్ల వారి శ్రమ శ్రమగా లెక్కకు రాలేదని, కూలి అంత తక్కువగా ఉండడానికి అదే మూలమని ఆవిడ తేల్చారు. నేను అది చదివింది చాలా ఆలస్యంగా, అమ్మమ్మ పోయిన తరువాత. జనాభా లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు ఆమె వృత్తి ఏమిటని తాతయ్యను అడిగితే, చేతిలో సూది ఉన్న మనిషిని ఎదురుగా పెట్టుకుని ఆయన ‘ఏమీ లేదండి, ఇంట్లోనే ఉంటుంది’ అని చెప్పడం నాకు బాగా గుర్తు. ఆ తరువాత చైనా నుంచి యంత్రాల మీద నేసిన లేసు చవకగా వచ్చి పడింది, ఆర్డర్లు తగ్గాయి. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నేను మనస్ఫూర్తిగా సంతోషించాను, ఆమె ఉండి ఉంటే ఎంత బాగుండేదో అని ఏడ్చాను కూడా.

మా నాన్నగారిది ఏటికి అవతల, కోనసీమ వైపు. మూడెకరాల కొబ్బరితోట, అదే ఆధారం. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో ఆ తోట దాదాపు మొత్తం నేలకొరిగింది. వరి పోతే మరుసటి పంటకు చూసుకోవచ్చు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు వచ్చేసరికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఆరేడేళ్ళు ఏం తినాలన్న ప్రశ్నకు మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో అప్పటికే ఒక జవాబు సిద్ధంగా ఉండేది, దాని పేరు కువైట్. 1990 ఆగస్టులో ఇరాక్ ఆక్రమించినప్పుడు కట్టుబట్టలతో తిరిగి వచ్చినవాళ్ళలో మా పక్క ఊరి ఆడవాళ్ళూ ఉన్నారు. యుద్ధం ముగిశాక వాళ్ళే మళ్ళీ వెళ్ళారు. 1997లో అమ్మ కూడా ఇంటిపని వీసా మీద వెళ్ళింది. ఆమెను పంపిన ఏజెంటు చెప్పిన జీతం ఒకటి, అక్కడ చేతికి ఇచ్చినది ఒకటి: నెలకు నలభై దినార్లు. దినారు అప్పట్లో 120 రూపాయలకు కాస్త అటూఇటూగా ఉండేది.

నాకు అప్పుడు పదేళ్ళు, తమ్ముడికి ఆరు. నాన్న మమ్మల్ని పంటు మీద ఏరు దాటించి అమ్మమ్మ దగ్గర వదిలారు. అమ్మ నుంచి ఉత్తరాలకంటే క్యాసెట్లు ఎక్కువగా వచ్చేవి. సెలవుకు వచ్చేవాళ్ళెవరో తెచ్చి ఇస్తే, టేపురికార్డరు ఉన్న ఇంటికి వెళ్ళి అందరి ముందూ వినేవాళ్ళం. క్యాసెట్టులో అమ్మ మొదట అందరి పేర్లూ వరుసగా పిలిచి కుశలం అడిగేది, అప్పుల వివరాలు చెప్పేది, చివర్లో నా పేరు పిలిచి ‘తమ్ముణ్ణి కొట్టకే’ అని ఆగిపోయేది. ఆ ఆగిపోయిన చోట వెనకనుంచి ఒక పసిపిల్ల ఏడుపు వినిపించేది. అమ్మ పెంచుతున్న పిల్ల అది. ఆ క్యాసెట్టు ఎన్నిసార్లు విన్నా నాకు అర్థం కానిది ఒక్కటే ఉండేది: ఆ పిల్ల ఏడిస్తే అమ్మ వెంటనే లేచి వెళుతుంది, టేపు అక్కడ కట్టయిపోతుంది, మా తమ్ముడు రాత్రిళ్ళు ఏడిస్తే లేచేది అమ్మమ్మ, ఆమె లేవలేని రోజున నేను. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. అప్పట్లో ఉండేది, చాలా ఉండేది, ఇప్పుడు లేదు.

రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవు. పెట్టె నిండా ఖర్జూరాలు, పాలపొడి డబ్బాలు, పులిబొమ్మల దుప్పట్లు. మేము అంతవరకు చూడని బరువైన ఆ దుప్పట్లను మా వేసవిలో కప్పుకోలేక, అయినా అమ్మ తెచ్చిందని కప్పుకుని, చెమటలు కక్కుతూ పడుకున్నాం. మా పెంకుటిల్లు డాబా అయింది ఆ డబ్బుతోనే, నా బీఈడీ ఆ డబ్బుతోనే. అమ్మ చేసిన త్యాగాన్ని తక్కువ చేసే మాట ఒక్కటి కూడా నా నోట రాదు. కాని ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే విలువైనదాన్ని బయటికి పంపి ఇల్లు నిలబెట్టుకున్నామని తెలిసి కూడా, దానికి లాభనష్టాల లెక్క ఎలా వేయాలో నాకు ఈనాటికీ తెలియదు.

అమ్మ 2008లో పూర్తిగా తిరిగి వచ్చేసింది. తమ్ముడు దేశం దాటలేదు, అయినా వాడి జీవితమంతా దేశం అవతలి ధరల మీదే నడుస్తోంది. మొగల్తూరు వైపు నాలుగెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామి రొయ్య వేస్తున్నాడు. మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ తీరంలో పుట్టి పెరిగే ఈ రొయ్యకు మన దేశంలో 2009లో అనుమతి వచ్చింది. తల్లి రొయ్యలు ఇప్పటికీ విదేశాల నుంచి విమానంలో చెన్నై చేరి, అక్కడ క్వారంటైన్‌లో పరీక్షలు ముగిశాకే రొయ్యపిల్లలను పుట్టించే హేచరీలకు వెళతాయి. వాడు రాత్రిళ్ళు ఇంట్లో పడుకోడు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి, కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే క్షణాల మీద జనరేటరు వేయాలని గట్టు మీది పాకలోనే ఉంటాడు. వాడి కూతురు నాన్నను చూసేది బడికి వెళ్ళే ముందు పది నిమిషాలు.

కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. ముప్పై కౌంటు అంటే పెద్ద రొయ్య, మంచి ధర, అది అమెరికాకు వెళుతుంది. వాడింట్లో వండేది మాత్రం ఎప్పటిలాగే గోంగూరలో వేసిన రొయ్యపొట్టు. 2025 ఆగస్టు 27న మన సరుకుల్లో చాలావాటి మీద అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆ కబురు చెరువుగట్టుకు చేరడానికి రోజులు పట్టలేదు. మేత ధర అలాగే ఉంది, లీజు అలాగే ఉంది, కొనేవాడు చెప్పే ధర మాత్రం పడిపోయింది. కూతురి బడి ఫీజు రెండో విడత నేను కట్టాను. వాడు కొత్తగా కడుతున్న ఇంటికి పిల్లర్లు లేచాయి, స్లాబు పడలేదు. ఆ చువ్వలు వానకు తుప్పు పడుతున్నాయి. వాషింగ్టన్‌లో ఎవరో చేసిన సంతకానికీ మా మరదలు రోజూ చూసి నిట్టూర్చే ఆ చువ్వలకూ మధ్య ఉన్న దూరం ఎంత తక్కువో ఆ ఇంటి ముందు నిలబడితేనే తెలుస్తుంది. మరొక మాట: ధవళేశ్వరం ఆనకట్ట కాలవలు ఇంటిముందే పారే ఊళ్ళలో, చెరువుల ఉప్పు భూమిలోకి దిగి బావినీళ్ళు నోట పెట్టుకోలేక, తాగేనీళ్ళు ఇరవై లీటర్ల టిన్నుల్లో కొనుక్కుంటున్నాం. ఇది నన్ను సుంకాలకంటే ఎక్కువ భయపెడుతుంది, ఎందుకంటే సుంకం పెరిగినా మళ్ళీ తగ్గుతుంది.

మొన్న సంక్రాంతికి అందరం అమ్మ దగ్గర ఉన్నాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె ఫోనుకు వీడియో కాల్ వచ్చింది. కువైట్‌లో అమ్మ పెంచిన ఆ పిల్లే. ఇప్పుడు ఇరవై ఏడేళ్ళ మనిషి, ఒళ్ళో బిడ్డ. అక్కడ ఇంకా మన కంటే రెండున్నర గంటలు వెనక, కాబట్టి వెనక గదిలో ఎండ పొద్దుటి ఎండలా ఉంది. అమ్మ ఫోనును రెండు చేతులతో పట్టుకుని గబగబా అరబ్బీలో మాట్లాడింది, నవ్వింది, బిడ్డకు నలత చేసిందని కాబోలు, ముఖం ముడుచుకుని ఏదో చెప్పింది. మాటమాటకూ ‘హబీబ్తీ’ అంటోంది. ఫోను పెట్టేశాక దానికి అర్థం ఏమిటని అడిగాను.

“ఏముందే, మనం ‘నా తల్లే’ అనుకుంటాం కదా, అదే.”

నన్ను నా తల్లే అని పిలిచింది అమ్మమ్మ. అమ్మ మా ఇద్దరినీ పేర్లతోనే పిలుస్తుంది, క్యాసెట్లో పిలిచినట్టు. నేను ఇంకేమీ అడగలేదు. అమ్మ కళ్ళజోడు సరిచేసుకుని తమ్ముడి వైపు తిరిగి, ఈసారి పట్టుబడి ఎప్పుడని, ముప్పై కౌంటు ఎంత పలుకుతోందని అడిగింది.