బెర్తూడ్ పాస్ మంచులో మూడు రోజులు: నా అవలాంచ్ కోర్సు

డెన్వర్‌కి వచ్చిన నాలుగో ఏడాదికి రిసార్టుల్లో లిఫ్టెక్కి స్కీ చేయడం బోరు కొట్టింది. లిఫ్టులే లేని కొండలు మనమే ఎక్కి దిగే బ్యాక్‌కంట్రీ మీదికి మనసు పోయింది. తోడు రమ్మంటే ఆఫీసులో ఫ్రెండ్ ఒకటే మాటన్నాడు: "ముందు అవలాంచ్ (మంచుచరియలు విరిగిపడటం) గురించి నేర్పే లెవెల్ 1 కోర్సు చెయ్యి. అప్పటిదాకా నీతో రాను." అలా చేరాను. ఊళ్ళో అమ్మకి మాత్రం చెప్పలేదు.

మొదటి రోజంతా క్లాసే. కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఇచ్చే బులెటిన్ చదవడం నేర్పారు. ప్రమాదానికి ఐదు స్థాయిలు. ఐదులో మూడంటే పాస్ మార్కులేగా అనుకున్నాను. కాదట. మూడో స్థాయి 'కన్సిడరబుల్' అంటే మన బరువుకే మంచుచరియ కదిలే అవకాశం బాగా ఉన్నట్టు. చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. స్కీయింగ్‌లో మజా వచ్చే వాలూ అదే, ఏం చేస్తాం!

రెండో రోజు బెర్తూడ్ పాస్ అనే కొండ కనుమ దగ్గర నా పరువు పోయింది. బీకన్ అంటే మంచు కింద పడినవాళ్ళ జాడ చెప్పే రేడియో సిగ్నల్ పరికరం. మంచులో పాతిన బీకన్‌ని మన బీకన్‌తో వెతకాలి. నా బీకన్ తెరమీద దూరం చూపే అంకెలు 18, 31, 12 అంటూ పిచ్చిగా గెంతాయి. తవ్వి తీసేసరికి 14 నిమిషాలు. మంచు కింద మనిషి ఊపిరాడక పోతాడు, మొదటి పది నిమిషాలే ప్రాణం. తీరా చూస్తే తప్పు నా ఛాతీ జేబులోని ఫోన్‌ది. వెతికేటప్పుడు ఎలక్ట్రానిక్స్ ఏవైనా బీకన్‌కి కనీసం 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఫోన్ ఆపి బ్యాగులో పడేశాక తేలిగ్గా దొరికింది. తవ్వడమే నడుం విరిచింది. ప్రోబ్ (మంచులోకి గుచ్చి చూసే పొడవాటి కడ్డీ) తగిలిన చోట నేరుగా కాదు, దానికి పల్లం వైపు నుంచి తవ్వుకుంటూ రావాలి.

మూడో రోజు మంచు పొరలు చూడటానికి 11,300 అడుగుల ఎత్తున నేల దాకా గొయ్యి తవ్వాం. పైన గట్టి పలకలాంటి మంచు. అడుగున పిడికిట్లోకి తీసుకుంటే కల్లుప్పులా జారిపోయే గరుకు పలుకులు. సీజన్ మొదట్లో పల్చగా పడిన మంచు అది. కింద నేల వెచ్చన, పైన గాలి గడ్డకట్టే చలి. ఆ తేడాకి ఆవిరి పైకి పాకుతూ రేణువుల్ని ఇలా ఒకదానికొకటి అతుక్కోకుండా మార్చేస్తుంది. పై పలక ఎంత తేలిగ్గా విరుగుతుందో చూడటానికి 30 సెంటీమీటర్ల చదరపు దిమ్మ కోసి, దానిమీద పార పెట్టి మణికట్టుతో పది దెబ్బలు, తర్వాత మోచేతి నుంచి కొట్టాం. పదమూడో దెబ్బకి పై పలక మొత్తం దొంతరలో పుస్తకంలా జారి నా ఒళ్ళో పడింది.

తిరిగొస్తుంటే కాళ్ళ కింద 'ఊంఫ్' అని బరువైన చప్పుడు. అడుగున ఉన్న ఆ గరుకు పలుకుల పొర కుంగింది. అందరం బిగుసుకుపోయాం. చప్పుడు చెవులకంటే ముందు కడుపులో వినిపించింది. చదునైన చోట ఉన్నాం కాబట్టి సరిపోయింది.

పొద్దున్నుంచీ నేను కన్నేసిన నిటారు వాలు పక్కనే ఉంది. దాన్ని వదిలేసి, పైన ఏ చరియా లేని 25 డిగ్రీల వాలు మీద దిగాం. పిల్లల జారుడుబల్లలా ఉంది. ఎవరూ విసుక్కోలేదు.