సుపిన్ నది ఒడ్డున ఎండు అన్నం

మా హర్ కీ దూన్ ప్రయాణం అక్టోబరులో. దానికి వంట మాత్రం మే నెలలోనే, తెనాలిలో అమ్మావాళ్ళ మేడ మీద మొదలైంది.

హర్ కీ దూన్ ఉత్తరాఖండ్‌లో, స్వర్గారోహిణి శిఖరాల కింద 3,566 మీటర్ల ఎత్తున ఉన్న లోయ. మేం వెళ్ళినప్పుడు తలుకా అనే ఊరి దగ్గర జీపు దారి అయిపోయేది. అక్కడి నుంచి నడకే. సామాను మోయడానికి కంచరగాడిదలు దొరుకుతాయి, వంటవాళ్ళతో సహా అన్నీ చూసుకునే ట్రెక్కింగ్ సంస్థలూ ఉన్నాయి. కానీ గుడారం, పొయ్యి, తిండి అన్నీ మా వీపు మీదే ఉండాలని నేనూ, తమ్ముడూ, వాడి స్నేహితుడూ ముందే నిశ్చయించుకున్నాం. దారి తెలిసిన స్థానిక గైడు ఒకాయన మాత్రం మాతో వచ్చాడు. ఆయన వంతు తిండి కూడా మా సంచుల్లోనే.

నీళ్ళు కలిపితే చాలు, భోజనం సిద్ధం అనే పొట్లాలు బజారులో దొరుకుతాయి. కొన్ని తెచ్చి రుచి చూశాం. పొట్లం మీద పేరు ఏదైనా లోపల ఒకటే గరం మసాలా. ధర చూస్తే మంచి హోటల్లో భోజనం చేయవచ్చు. అమ్మ ఒక ముద్ద తిని, "దీనికోసం అంత డబ్బు పోశారా? వరుగులు పెట్టుకుంటే సరిపోదా?" అంది. ఆ మాటతో మా వంటకాల పట్టిక సగం తయారైపోయింది.

తిండి బరువులో ఎక్కువ భాగం నీరే. టమాటాలో దాదాపు 94 శాతం నీరు. కిలో పళ్ళు కోసి ఎండబెడితే చేతికి వచ్చేది 60, 70 గ్రాములు. సుపిన్ నదీ, దానిలో కలిసే వాగులూ దారి పొడవునా పారుతుంటే నీళ్ళను తెనాలి నుంచి మోసుకుపోవడం దేనికి? మనిషికి రోజుకు 650 గ్రాముల ఎండు సరుకు అనుకున్నాం. అంతలోనే మూడు వేల కేలరీలకు దగ్గరగా రావాలి. పిండి పదార్థమైనా మాంసకృత్తులైనా గ్రాముకు నాలుగు కేలరీలే ఇస్తాయి, కొవ్వు తొమ్మిది ఇస్తుంది. అందుకే నెయ్యి, పల్లీలు, నువ్వులు, ఎండు కొబ్బరి, జీడిపప్పు ధారాళంగా వాడాం. నెయ్యికి ఇంకో సుగుణం ఉంది. ఆ చలికి గట్టిగా పేరుకుపోతుంది కనుక సంచిలో ఒలకదు. నూనె సీసాకు ఆ నమ్మకం లేదు.

అన్నం ఎండబెట్టడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ అడిగేది దాని గురించే. సోనా మసూరి బియ్యాన్ని పలుకు లేకుండా, మెతుకు విరగకుండా వండి, చన్నీళ్ళతో ఒకసారి కడిగి జిగురు పోగొట్టాం. ఉదయం ఎనిమిదికల్లా తడి బట్ట మీద మెతుకు మీద మెతుకు పడకుండా పలుచగా పరిచి, పైన దోమతెర కప్పాం. మే నెల ఎండకు సాయంత్రానికి గలగలమనాలి. అలా అనలేదా, పారేయాల్సిందే. వండిన అన్నం తేమతో గంటల తరబడి ఉంటే దానిలో పెరిగే సూక్ష్మజీవులు వదిలే విషం తరవాత ఎంత మరిగించినా పోదు. డాక్టరుకు రెండు రోజుల నడక దూరంలో ఉన్నప్పుడు పొదుపు చూపించాల్సిన చోటు ఇది కాదు. బాగా ఎండిన అన్నానికి మరిగే నీళ్ళు పోసి మూత పెడితే ఇరవై నిమిషాల్లో మళ్ళీ అన్నమవుతుంది. కొత్తగా వండినంత మెత్తగా ఉండదు, కొంచెం పంటికి తగులుతుంది. పులిహోరకు ఆ మాత్రం బిరుసు మంచిదే.

కూరగాయల్లో గోరుచిక్కుడు, టమాటా బాగా కుదిరాయి. గోరుచిక్కుళ్ళను ఉప్పు నీళ్ళలో ఒక ఉడుకు రానిచ్చి ఎండబెట్టాం. వంకాయ వరుగులు ఇంట్లో పులుసుకు బాగుంటాయి గానీ కొండ మీదకు పనికిరావు, ఉడకడానికి చాలాసేపు పడుతుంది. ఉల్లిపాయలు సన్నగా తరిగి ఎండబెడితే రెండు రోజులు మేడంతా వాసన. గోంగూర మాత్రం ఎండ తగలకుండా నీడలో ఆరాలి. ఆకు పెళుసుగా అయ్యాక ఎండుమిరపకాయలు, ధనియాలు, వెల్లుల్లి, మెంతులు వేయించి కలిపి పొడి కొట్టాం.

పప్పు సంగతి వేరు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. మూడు వందల మీటర్లకు సుమారు ఒక డిగ్రీ లెక్క. హర్ కీ దూన్‌లో నీళ్ళు దాదాపు 88 డిగ్రీలకే తెర్లుతాయి. ఆ నీళ్ళలో కందిపప్పు గంటసేపు ఉంచినా గింజ గింజగానే మిగులుతుంది, గ్యాసు మాత్రం ఖర్చవుతుంది. కాబట్టి పప్పును ఇంట్లోనే దోరగా వేయించి, మెత్తగా పొడి చేసి, చారు పొడి, ఎండిన టమాటా ముక్కలు, ఇంగువ, విడిగా వేయించిన పోపు, గింజలు తీసి ఎండబెట్టి దంచిన చింతపండు కలిపాం. మరిగే నీళ్ళలో రెండు చెంచాలు వేస్తే అయిదు నిమిషాల్లో చిక్కటి పప్పుచారు. ఈ ప్రయాణానికి చేసినవాటిలో ఏదైనా ఒక్కటే తీసుకెళ్ళమంటే నేను ఇదే పట్టుకెళతాను.

ఇవి కాక రవ్వ వేయించి పోపు కలిపిన ఉప్మా పిండి, అటుకులు, మొలకెత్తించిన రాగులతో చేసిన మాల్టు, సున్నుండలు, పల్లీ చిక్కీ. ఉప్మాలో పచ్చిమిర్చి, పచ్చి అల్లం వేయలేదు, తేమ చేరితే బూజు పడుతుంది. తమ్ముడు ఎండు రొయ్యల కారం లేకుండా రానన్నాడు. గుడారంలో ఆ వాసన ఊహించుకుని నేను వద్దన్నాను. "అక్కా, నా సంచిలోనే పెట్టుకుంటాను, నీకు తెలియనే తెలియదు" అని మూడు కవర్లలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఆ డబ్బాకు మళ్ళీ టేపు వేశాడు. పూతరేకులు తీసుకెళదామన్న ఆలోచన కూడా ఒకటి వచ్చింది. తూకానికి ఏమీ బరువుండవు గానీ సంచిలో అవి పొడి కాకుండా కాపాడాలంటే వాటికి ఒక మనిషి కావాలి. మానుకున్నాం.

ఎండబెట్టినవన్నీ గాలి చొరని సీసాల్లో వానాకాలం గడిపాయి. బయలుదేరే ముందు పూటకో పొట్లం కట్టి, పైన ఎన్ని నీళ్ళు పోయాలో రాశాం. చీకట్లో, చేతులు కొంకర్లు పోతుంటే కొలతలు ఎవరికి గుర్తుంటాయి?

గ్యాసు డబ్బాలను విమానంలో గానీ రైల్లో గానీ తీసుకెళ్ళనివ్వరు, అందుకని డెహ్రాడూన్‌లో కొన్నాం. అక్కడి నుంచి సాంక్రీకి బస్సు. ముస్సోరీ, పురోలా, మోరీ దాటి, నైట్వాడ్ చేరేసరికి మధ్యాహ్నం బాగా వాలిపోయింది. నైట్వాడ్‌లో రూపిన్, సుపిన్ నదులు కలిసి టోన్స్ అవుతాయి. ఆ తరవాత కొండ దిగి అది యమునలో కలుస్తుంది. సాంక్రీలో రాత్రి బస చేసిన చోట రాజ్మా, అన్నం పెట్టారు. ఆ రాజ్మా చాలా బాగుంది.

మర్నాడు తలుకా వరకు జీపు, ఆపైన నడక. దేవదారు, అక్రోటు చెట్ల నీడల్లోంచి సుపిన్ పక్కనే దారి సాగుతుంది. అక్టోబరు కనుక గంగాడ్, ఓస్లా ఊళ్ళ చుట్టూ మెట్ల పొలాల్లో తోటకూర జాతి పంట చౌలాయి ఎర్రగా పండి ఉంది. మండువా అని వాళ్ళు పిలిచే రాగి కూడా అక్కడి పంటే. ఇళ్ళ మీద, రాళ్ళ మీద, దొరికిన ప్రతి చదును చోటా గింజలో ఆకులో ఎండుతూనే ఉన్నాయి. మంచు పడితే నెలల తరబడి బయటి సరుకు రాని ఊళ్ళు మరి. అక్కడి ఆడవాళ్ళకు మా పొట్లాలు వింతగా ఏమీ అనిపించలేదు. ఒకావిడ ఎండు టమాటా ముక్క నోట్లో వేసుకుని, ఇంకా పలుచగా కోయాల్సింది అన్నట్టు వేళ్ళతో చూపించింది. అమ్మ కూడా మేడ మీద అదే మాట అంది, మేమే వినలేదు.

మధ్యాహ్నం పూట పొయ్యి వెలిగించకూడదని నియమం పెట్టుకున్నాం. అటుకులను వాగు నీళ్ళలో తడిపితే మెత్తబడతాయి గానీ, ఆ నీళ్ళు పచ్చివి తాగడం మంచిది కాదు. ఉదయమే మరిగించి సీసాలో పోసుకున్న నీళ్ళతో తడిపి, బెల్లం పొడి, కొబ్బరి, వేయించిన పల్లీలు కలిపితే పది నిమిషాల్లో భోజనం అయిపోయేది. గైడు మొదటి రోజు వద్దని తన రొట్టెలు తీశాడు. రెండో రోజు రొట్టె ఒకచేత్తో, అటుకుల గిన్నె ఒకచేత్తో పట్టుకున్నాడు.

ఓస్లా దాటాక దారి నిటారుగా ఎక్కుతుంది. ఓస్లాలో చెక్కతో కట్టిన పాత గుడి ఉంది. బయటివాళ్ళు దుర్యోధనుడి గుడి అని చెప్పుకుంటారు, ఊరివాళ్ళు సోమేశ్వరుడి గుడి అంటారు. పాండవులు స్వర్గానికి వెళ్ళారని చెప్పే కొండ కింద దుర్యోధనుడి పేరు వినిపించడం నాకు భలే నచ్చింది. అక్కడే కూర్చుని సున్నుండలు తిన్నాం. మినుములు, బెల్లం, నెయ్యి, అంతే. ఎక్కుడు దారిలో అంతకు మించిన తిండి ఎవరూ కనిపెట్టలేదు. ఉండ చుట్టేటప్పుడు అమ్మ బలంగా నొక్కింది కనుక బస్సు కుదుపులకు కూడా పగల్లేదు.

హర్ కీ దూన్ చేరిన సాయంత్రం ఎవరికీ ఆకలి లేదు. ఎత్తు మీద ఇది మామూలే. ఒంటికి తిండి ఎంత అవసరమో నోటికి అంత వద్దనిపిస్తుంది. తియ్యటివి చూస్తేనే వెగటు. సూర్యుడు కొండ వెనక్కి పోగానే చలి మీద పడింది. గ్యాసు డబ్బాను తమ్ముడు కోటు లోపల పెట్టుకుని కాసేపు వెచ్చబెట్టాడు. డబ్బా చల్లబడితే లోపలి వాయువుకు ఒత్తిడి చాలక మంట నీరసిస్తుంది. నీళ్ళు మరిగాక ఒక గిన్నెలో ఎండు అన్నం, గోరుచిక్కుళ్ళు వేసి, నిమిషం ఉడకనిచ్చి, పొయ్యి ఆపేసి, మూత మీద నుంచి రెండు స్వెటర్లు చుట్టి సంచుల మధ్య పెట్టాం. మిగిలిన పని గిన్నెలోని వేడే చేసుకుంటుంది, గ్యాసు సగానికి సగం మిగులుతుంది. ఆ ఇరవై నిమిషాల్లో పప్పుచారు కాచుకుని గ్లాసుల్లో పోసుకున్నాం.

చింతపండు పులుపు, మిరియాల ఘాటు, ఇంగువ. ఒక గుక్క పడేసరికి నోట్లో నీళ్ళూరాయి. అప్పటిదాకా తల పట్టుకుని కూర్చున్న తమ్ముడి స్నేహితుడు, "అన్నం అయిందా?" అని అడిగాడు. గోంగూర పొడి, నెయ్యి కలిపిన అన్నం గిన్నె అడుగుదాకా ఊడ్చారు. మన కారం, మన పులుపు ఎక్కువని వంక పెట్టేవాళ్ళను 3,566 మీటర్ల దగ్గర ఒకసారి కూర్చోబెట్టాలి. ఎండు రొయ్యల డబ్బా కూడా అప్పుడే బయటకు వచ్చింది. గైడు ఒకసారి వాసన చూసి మర్యాదగా మూత పెట్టేశాడు. నేను వద్దన్న మాట మరిచిపోయి రెండు చెంచాలు వేసుకున్నాను.

మర్నాడు ఎండ వచ్చేదాకా గుడారాల్లోంచి కదల్లేదు. రాగి మాల్టు తాగి జౌంధార్ హిమానీనదం వైపు కొంతదూరం నడిచి వచ్చాం. స్వర్గారోహిణిని గురించి నాకంటే బాగా రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకే వదిలేస్తాను.

తీరని లోటు ఒక్కటే, పెరుగు. పాలపొడితో ఏం చేసినా పెరుగన్నం కాలేదు. దిగి వచ్చేటప్పుడు గంగాడ్‌లో ఒక ఇంటి ముందు కూర్చుంటే, ఆ ఇంటి పెద్దావిడ కవ్వంతో చిలికిన మజ్జిగ తెచ్చి పోసింది. డబ్బు తీసుకోలేదు. ఇంట్లో వేయించి తెచ్చిన ఊర మిరపకాయలు నాలుగు మిగిలి ఉంటే ఆమెకు ఇచ్చాం. కొరికి, దగ్గి, నవ్వి, మిగతా మూడూ కొంగున కట్టుకుంది. మేం మిగిలిన ఎండు అన్నాన్ని అక్కడికక్కడే నానబెట్టి ఆ మజ్జిగ పోసుకుని తిన్నాం.

సాంక్రీ చేరాక సంచులు విప్పి లెక్క చూసుకున్నాం. చిక్కీలు సగం మిగిలాయి, తీపి తక్కువ తేవాలి. గోంగూర పొడి మూడో రోజుకే అయిపోయింది, రెండింతలు కావాలి. ఎండు ఉల్లిపాయ బరువుకు తగ్గ పని చేయలేదు. ఖాళీ కవర్లన్నీ ఒక సంచిలో వేసి డెహ్రాడూన్ దాకా తీసుకెళ్ళాం. మిగిలిన పప్పుచారు పొడిని బసలో వంట చేసే కుర్రవాడికి ఇచ్చి, నీళ్ళలో ఎలా కాచుకోవాలో చెప్పాను. అతను అంతా శ్రద్ధగా విని, పొడిని తన రాజ్మా మీద చల్లుకుని తిన్నాడు. చాలా బాగుంది, దీదీ అన్నాడు. నాకూ ఒక గిన్నెలో పెట్టాడు గానీ నాకు ఆ కలయిక నచ్చలేదు.