ఏజెన్సీలో గ్రామసభ: తీర్మానం నిలబడాలంటే ఏం రాయాలి

ఏజెన్సీలో, అంటే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ప్రకటించిన గిరిజన ప్రాంతంలో, సర్పంచ్ పదవి ఎస్టీలదే. 1996 డిసెంబరు 24న అమల్లోకి వచ్చిన పీసా చట్టం (పంచాయతీరాజ్‌ను షెడ్యూలు ప్రాంతాలకు విస్తరించిన చట్టం) పంచాయతీల అధ్యక్ష పదవులన్నీ వాళ్లకే కేటాయించింది, సభ్యుల సీట్లలోనూ సగానికి తగ్గకూడదంది. కానీ ఉప సర్పంచ్‌కు ఆ రిజర్వేషన్ లేదు. వార్డు సభ్యుల్లో ఎవరైనా కావచ్చు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక చెక్ పవర్, అంటే పంచాయతీ చెక్కుల మీద సంతకం చేసే అధికారం, సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. వలస వచ్చి స్థిరపడ్డ గిరిజనేతరులు బలంగా ఉన్న రోడ్డు పక్క ఊళ్లలో ఆ రెండో సంతకం ఎవరి చేతిలో ఉంటుందో అక్కడివాళ్లను అడగక్కర్లేదు. అందుకే ఏజెన్సీలో ఆదివాసీలు పట్టు నిలుపుకోవాల్సిన చోటు పంచాయతీ ఆఫీసు కంటే ముందు గ్రామసభ. అక్కడ రాసే కాగితం సరిగ్గా లేకపోతే చట్టం ఎంత మంచిదైనా ఉపయోగం లేదు.

మొదటి తగువు సభ ఎక్కడ పెట్టాలన్నదే. పీసా సెక్షన్ 4(బి) ప్రకారం తన ఆచారాల మేరకు తన వ్యవహారాలు తానే చూసుకునే ఆవాసం గానీ, అలాంటి కొన్ని ఆవాసాలు కలిసి గానీ ఒక ఊరు. పంచాయతీ కింద ఆరు గూడేలుంటే ఆరు సభలు ఉండొచ్చు. అలా కాకుండా పంచాయతీ ఆఫీసు దగ్గర ఒకే సభ పెడితే కొండ మీది కొండరెడ్ల గూడెం నుంచి దిగి వచ్చేది నలుగురో ఐదుగురో. కింది ఊళ్లో కోయలు ఎక్కువ, సర్పంచ్ కూడా కోయ. రికార్డు చూస్తే గిరిజనుల మాటే నెగ్గినట్టుంటుంది. అడవి మీదే బతికే కొండరెడ్లు ఏం కోరారో అందులో ఒక్క ముక్క ఉండదు. గిరిజనుల్లోనే చిన్న తెగలకు జరిగే ఈ అన్యాయాన్ని సంఘాలు ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. విడి సభ కావాలన్న గూడెం ముందుగా తన ఇళ్ల జాబితా, హద్దులు రాసుకుని, ఆ కోరికను తీర్మానంగా గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారికి ఇచ్చి రసీదు తీసుకోవాలి.

రెండోది కోరం, అంటే సభ చెల్లాలంటే రావాల్సిన కనీస మంది. పీసా సభ కోరం వేరు, 2006 అటవీ హక్కుల చట్టం కింద పెట్టే సభ కోరం వేరు. ఏ చట్టం కింద కూర్చున్నారో మొదటి లైనులోనే రాయాలి. అటవీ హక్కుల నిబంధనలకు 2012లో చేసిన సవరణ ప్రకారం సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. క్లెయిముల (అడవి మీద హక్కు కోరే దరఖాస్తుల) మీద తీర్మానం చేసేటప్పుడు క్లెయిమ్ పెట్టుకున్నవాళ్లలో సగం మందైనా, వాళ్ల తరఫువాళ్లైనా ఎదురుగా ఉండాలి. గూడెంలో 18 ఏళ్లు నిండినవాళ్లు 140 మంది అనుకుందాం. 70 మంది వస్తేనే సభ, ఆ 70లో ఆడవాళ్లు 24 మందికి తగ్గకూడదు. తునికాకు కోసే ఏప్రిల్, మే నెలల్లో, పోడు కలుపు రోజుల్లో, వారపు సంత రోజున సభ పెడితే ఈ లెక్క ఎలాగూ కుదరదు. కావాలనే అలాంటి రోజు ఎంచుకునేవాళ్లూ ఉన్నారు.

ఇక తీర్మానం. ‘గ్రామస్తులందరూ ఏకగ్రీవంగా అంగీకరించడమైనది’ అని ఒక్క లైను రాసి కింద సంతకాలు పెట్టించిన పేజీ పై అధికారి చేతిలో ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. నిలబడే తీర్మానంలో ఇవన్నీ ఉంటాయి: ఊరి పేరు, తేదీ, ఏ టైముకి మొదలైంది, ఎక్కడ కూర్చున్నారు, మొత్తం సభ్యులు 140, హాజరు 83, ఆడవాళ్లు 36, క్లెయిములు 22, వచ్చిన క్లెయిమ్‌దారులు 19. తర్వాత ఒక్కో క్లెయిముకు విడిగా పేరు, విస్తీర్ణం, నాలుగు దిక్కులా హద్దులు, ఏ ఆధారాలు చూశారు, ఎవరు అభ్యంతరం చెప్పారు, సభ ఏం తేల్చింది. అంతా కోయలోనో కువిలోనో చదివి వినిపించాకే సంతకాలు, వేలిముద్రలు. ఆఖరి సంతకం కింద మిగిలిన ఖాళీని అడ్డగీతతో కొట్టేయాలి. రేషను కోసమో పథకం కోసమో ఖాళీ షీటు మీద పెట్టిన వేలిముద్రలు తర్వాత భూమికి సమ్మతిగా మారే ప్రమాదం నిజంగా ఉంది. పైన విషయం రాయని కాగితం మీద వేలు పెట్టకూడదని ఊళ్లో ప్రతి ఇంటికీ చెప్పాలి.

క్లెయిములను విచారించడానికి గ్రామసభ ఎన్నుకునే అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది ఉంటారు. కనీసం మూడింట రెండు వంతులు ఎస్టీలు, కనీసం మూడో వంతు ఆడవాళ్లు. కమిటీ సభ్యుడి సొంత క్లెయిము వచ్చినప్పుడు ఆ విచారణలో ఆయన కూర్చోకూడదు. చాలాచోట్ల దీన్ని మర్చిపోతారు, గ్రామసభ పైన ఉండే డివిజన్, జిల్లా కమిటీలు దాన్నే పట్టుకుంటాయి. పొలం చూడ్డానికి వెళ్లే ముందు అటవీ, రెవెన్యూ శాఖలకు రాతపూర్వకంగా తెలపాలి. వాళ్లు రాకుండా తర్వాత అభ్యంతరం పెడితే క్లెయిము మళ్లీ సభకు వస్తుంది, రెండోసారి కూడా రాకపోతే పొలం విచారణలో గ్రామసభ తేల్చిందే ఖాయం. అటవీ హక్కుల నిబంధన 12ఏలో ఇది స్పష్టంగా ఉంది. కానీ పిలిచినట్టు రసీదు లేకపోతే ఈ నిబంధన ఉన్నా లేనట్టే.

ఉపగ్రహ చిత్రంలో సాగు కనపడలేదని క్లెయిము కొట్టేయడం ఇంకో అలవాటు. ఆ చిత్రాలు మిగతా ఆధారాలకు తోడుగా మాత్రమే ఉండాలి, వాటి స్థానంలోకి రాకూడదని అదే నిబంధన చెబుతోంది. క్లెయిమ్‌దారుడు కాని పెద్దమనిషి చెప్పిన మాటను రాసి పెడితే అదీ ఆధారమే. దాంతోపాటు పాత శిస్తు రసీదో, బావో, సమాధులో, ఇంకొకటి చూపాలి. సభ తీర్మానం అసంపూర్తిగా ఉందనిపిస్తే పై కమిటీలు తిప్పి పంపాలి తప్ప సొంతంగా కొట్టేయకూడదు. తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి, ఆ కాగితం అందిన 60 రోజుల్లో పైకి వెళ్లొచ్చు. నోటిమాటగా ‘రిజెక్ట్ అయింది’ అంటే ఆ 60 రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి? అందుకే రాతలో అడగాలి.

ఇంత జాగ్రత్త పడితే ఏమవుతుందో ఒడిశాలోని నియమగిరి చూపించింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు బాక్సైట్ గనుల విషయం గ్రామసభలే తేల్చాలంది, జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడిగా ఉండాలంది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్లలో విడివిడిగా సభలు జరిగాయి. ఆ కొండ ఆదివాసీలైన డోంగ్రియా కోంధులు, పక్క ఊళ్లవాళ్లు 12 చోట్లా వద్దన్నారు. కొండ చుట్టూ ఉన్న ఇంకెన్నో ఊళ్లను వదిలేసి 12 మాత్రమే ఎంచడం తప్పే. అయినా జడ్జి ఎదుట ఊరూరా నమోదైన ఆ మాటను పక్కన పెట్టడం ఎవరి వల్లా కాలేదు.

భూసేకరణ విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో పీసా కోసం చేసిన సవరణ మండల పరిషత్‌ను సంప్రదిస్తే చాలన్నట్టు రాసింది. గూడేనికి అది చాలా దూరం. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 41 షెడ్యూలు ప్రాంతంలో గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ ముందస్తు సమ్మతి తప్పనిసరి చేసింది. తీర్మానంలో ఈ సెక్షన్ పేరు రాయాలి. షరతులతో సరే అంటే ఆ షరతులు కూడా అదే పేజీలో, సంతకాలకు పైన ఉండాలి.

ప్రాజెక్టు కింద మునిగే గూడేలకు ఇంకో తొందర పని ఉంది. అదే భూసేకరణ చట్టం సెక్షన్ 42 ప్రకారం సామూహిక అటవీ హక్కులు ఖరారై ఉంటే వాటికి డబ్బు విలువ కట్టి, ఖాళీ చేసినవాళ్లకు వాటా ప్రకారం ఇవ్వాలి. ఖరారు కాని హక్కుకు విలువ కట్టేవాడు ఉండడు. కాబట్టి వెదురు, చింతపండు, పశువుల మేత, చేపల కుంట వంటి వాటికి ఫారం బి, ఊరు కాపాడుకునే అడవికి ఫారం సి, పునరావాస కాలనీకి సామాను కదలకముందే వేయాలి. కమిటీ మినిట్స్ పుస్తకం, పట్టాల నకళ్లు, సభ్యుల పాత జాబితా రెండేసి ప్రతులు తీసి ఒకటి ఊరి పెద్ద దగ్గర, ఇంకొకటి చదువుకున్న ఆడపిల్ల దగ్గర ఉంచాలి. కాలనీలో ఇళ్లు చెల్లాచెదురయ్యాక ఆ జాబితా మళ్లీ తయారు చేయడం అయ్యే పని కాదు.