మిద్దె మీద వెదురు పందిరి: పుచ్చకుండా, ఎగిరిపోకుండా

చెన్నైలో పై అంతస్తు ఇంట్లో రాత్రి పదకొండైనా ఫ్యాను వేడిగాలే విసురుతోందంటే తప్పు నెత్తిమీది స్లాబుది. పగలంతా తాగిన ఎండను రాత్రి కిందికి వదులుతుంది. ఏసీతో దాన్ని చల్లార్చడం కన్నా, ఎండను అక్కడిదాకా రానివ్వకపోవడం మేలు. వెదురు గుంజలు, పైన వెదురు తడికలు చాలు. తడికను స్లాబు మీదే పరిస్తే తేమపట్టి కుళ్లుతుంది. మనిషి నిలబడేంత ఎత్తులో, నాలుగు వైపులా గాలి ఆడాలి.

అసలు కష్టం వెదురును కాపాడుకోవడంలో ఉంది. దానిలోని పిండిపదార్థం కోసం పుచ్చు పురుగు చేరుతుంది. గుంజ కింద టాల్కం పౌడర్ లాంటి పొడి రాలుతోందంటే లోపల తినేస్తోందన్నమాట. మూడేళ్లు నిండని లేత బొంగులు కొనకండి, ఆరితే ముడుచుకుపోతాయి. ముదురు బొంగుకు ఆకుపచ్చ నిగనిగ తగ్గి, బూడిదరంగు మచ్చలు వచ్చి ఉంటాయి.

మందు సులువే: 95 లీటర్ల నీటికి 3 కిలోల వెలిగారం (కంసాలులు వాడేదే), 2 కిలోల బోరిక్ యాసిడ్. ముందు కొంచెం వేడినీళ్లలో కరిగించి కలపాలి. పొడవాటి ఇనుప చువ్వతో బొంగు లోపలి కణుపులన్నీ పొడిచేయాలి. ఈ పని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. బొంగు పైతోలు మైనం పూసినట్టుంటుంది, దాని గుండా మందు దిగదు. ఇటుకలు పేర్చి టార్పాలిన్ పరిచిన తొట్టిలో, పైన రాళ్లు పెట్టి వారం నానబెట్టి, నీడలో రెండు వారాలు ఆరనివ్వాలి. మిగిలిన నీళ్లు మొక్కలకు పోయకండి, బోరాన్‌కు మాడిపోతాయి.

ఈ మందు వానకు కరిగి కారిపోతుంది. అందుకే ఆరిన బొంగుకు జీడిగింజల పెంకుల నుంచి తీసే నూనె పూయాలి. ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది, చేతితొడుగులు తప్పనిసరి.

వెదురుకు మేకు కొడితే నిలువునా చీలుతుంది. కణుపు పక్కన డ్రిల్లుతో రంధ్రం చేసి బోల్టు వేసి, పైన కొబ్బరి తాడు బిగించండి. గుంజ అడుగు నేలకు తగలకుండా ఇనుప పాదం మీద నిలపాలి. ఆ పాదాన్ని పిల్లర్లలో మిగిల్చిన చువ్వలకు కలపండి. స్లాబును తొలిస్తే కారుతుంది. చువ్వలు లేకపోతే ఇంజనీరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

తడికలు విప్పడానికి వీలుగా కట్టండి. 2016 డిసెంబరులో వర్దా తుపాను గాలి ఎలా వీచిందో ఊరు చూసింది. బోరిక్ మందు మంటను కాస్త నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపలేదు. దీపావళికి ముందే తడికలు విప్పి చుట్టిపెడితే రాకెట్ల భయం, తుపాను భయం రెండూ ఉండవు. మార్చిలో మళ్లీ కట్టుకోవచ్చు.